పాతబడిన ఇంటి కంప్యూటరు: మరమ్మతు కొంత, మార్పు కొంత

రేడియో యున్న ఇంటిలో ఏదో యొకనాడు దానిని విప్పి చూడనివారు అరుదు. వెనుక అట్ట తీసి, వాల్వులు వెలుగుచున్నవో లేవో చూచి, దుమ్ము ఊది, మరల మూసి, అది పలికినచో తామే బాగుచేసితిమని సంతోషించుట మన పెద్దలకు అలవాటే. పిదప ట్రాన్సిస్టరు సెట్లు వచ్చినవి. వాని వెంట క్యాసెట్టు టేపుతో కలిసిన టూ-ఇన్-వన్‌లు వచ్చినవి. నేడు నేను చెప్పబోవు వస్తువు వీనికి దూరపు చుట్టము కాదు. టెలివిజనుకు తగిలించుకొని, క్యాసెట్టునుండి ప్రోగ్రాములను చదువుకొని పనిచేసిన 1980వ దశకపు గృహ కంప్యూటరు అది. రేడియో మెకానిక్కు చేతిలోని పనిముట్లే దీనికిని చాలును. కొంచెము ఓపిక మాత్రము ఎక్కువ కావలెను.

1982 ఏప్రిల్ 23వ తేదీన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమందలి సింక్లెయిర్ రీసెర్చి అను సంస్థ జడ్.ఎక్స్. స్పెక్ట్రమ్ అను యంత్రమును లోకమునకు చూపెను. 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గలది 125 పౌనులు, 48 కిలోబైట్లు గలది 175 పౌనులు. అంతకు పూర్వము రంగులు చూపగల కంప్యూటర్లలో పెక్కింటి ధర ఇంతకన్న హెచ్చు. దీని అంతర్నిర్మాణమును రిచర్డ్ ఆల్ట్‌వాసరు, బాహ్యరూపమును రిక్ డికిన్సను రూపొందించిరి. స్కాట్లండులోని డండీ నగరమున గడియారములు చేయు టైమెక్సు కర్మాగారములో దీనిని కూర్చిరి. పలక బలపమువలె పలుచనై, నల్లనై, 40 రబ్బరు మీటలతో నుండు ఈ పెట్టెను ఒక చేతితో పట్టుకొనవచ్చును. లోపలి జడ్-80ఏ అను ప్రాసెసరు సెకనుకు 35 లక్షల స్పందనల వేగముతో నడచును. నేటి జేబు ఫోనుతో పోల్చినచో ఇది నత్తనడకయే. కాని ఈ నత్త ఏ అడుగు ఎక్కడ వేయుచున్నదో మనము పూర్తిగా తెలిసికొనవచ్చును. మరమ్మతు చేయువానికి అంతకన్న కావలసినదేమి?

నా చేతికి వచ్చిన యంత్రము మా అన్నగారిది. ఆయన మాంచెస్టరులో కొన్నియేండ్లు ఉద్యోగము చేసి, 1984లో మచిలీపట్టణమునకు తిరిగివచ్చునప్పుడు దీనిని వెంట తెచ్చిరి. అప్పుడు ఆయన కుమార్తెకు ఐదేండ్లు. పిల్ల ఇంగ్లీషు మాటలే గాని తెలుగక్షరములు ఎరుగదు. అందుచేత ఆయన రాత్రులు కూర్చుండి, ఆ యంత్రముపై తెలుగు వర్ణమాలను గీయించి, మీట నొక్కగనే అక్షరము టెలివిజను తెరపై పెద్దదిగా కనబడునట్లు ఒక ప్రోగ్రాము వ్రాసి, క్యాసెట్టుపై పదిలపరచిరి. అన్నగారు గతించిన పిమ్మట గత సంవత్సరము మా అమ్మాయి ఆ పెట్టెను, ఆ క్యాసెట్టును తెచ్చి నా బల్లపై పెట్టెను. "బాబాయ్, పైకి నాన్న ఉంచినట్టే ఉండాలి. లోపల మీ ఇష్టం," అనెను. ఈ ఒక్కమాటతో నా పనికి హద్దు ఏర్పడినది.

మొదటి తప్పు నేనే చేసితిని. దానిని ముందుగా చెప్పుట మంచిది. అసలు విద్యుత్తు సరఫరా పెట్టె ఎక్కడనో పోయినది. స్పెక్ట్రమునకు 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావలెను. నా సొరుగులో 9 వోల్టుల బ్యాటరీ ఎలిమినేటరు కనబడెను. ప్లగ్గు సరిగా పట్టినది గదా యని మీట వేసితిని. ఈ యంత్రములో ప్లగ్గు నడిమి రంధ్రము మైనసు, వెలుపలి గొట్టము ప్లస్సు. నేడు మనకు దొరకు ఎలిమినేటర్లలో పెక్కింటికి నడుమ ప్లస్సు ఉండును. తలక్రిందుగా విద్యుత్తు వచ్చినచో దానిని ఆపుటకు ఈ యంత్రములో కావలి డయోడు లేదు. క్షణములో లోపల నుండి సన్నని కమురు వాసన వచ్చెను. ముప్పదియేండ్లు నిద్రించిన యంత్రమును నేను ఒక్క క్షణములో పాడుచేసితినని అర్థమయ్యెను. కావున పాత యంత్రమును మొదట వెలిగింపరాదు. ముందు ఎలిమినేటరు తీగ చివరను మల్టీమీటరుతో పరీక్షించి, ఏ మొన ప్లస్సో కాగితముపై వ్రాసికొని, ఆ పిమ్మటనే తగిలింపవలెను.

ఇక లోపల జరిగినదేమో చూతము. పెట్టె అడుగున ఐదు మరలు. వానిని విప్పి పై మూతను మెల్లగా ఎత్తవలెను, ఏలయన మీటలనుండి వచ్చు రెండు పలుచని ప్లాస్టిక్ పట్టీలు అడుగు పలకపైనున్న పట్టులలో దూర్చబడి యుండును. పలకపై కుడి మూలను అల్యూమినియము రెక్కతో 7805 అను రెగ్యులేటరు కలదు. వచ్చిన 9 వోల్టులను 5 వోల్టులుగా చేయుట దాని పని. ప్రాసెసరుకు, మిగిలిన చిప్పులలో పెక్కింటికి ఈ 5 వోల్టులే ఆహారము. కాని మొదటి 16 కిలోబైట్ల జ్ఞాపకమునకు వాడిన 4116 అను చిప్పులు పాతకాలపువి. వానికి 5 వోల్టులు చాలవు. 12 వోల్టులును, మైనస్ 5 వోల్టులును గూడ కావలెను. ఈ రెండింటిని టి.ఆర్.4 అని పలకపై గుర్తు గల ట్రాన్సిస్టరు, ఒక చిన్న తీగచుట్ట, మరికొన్ని భాగములు కలిసి 9 వోల్టులనుండి తయారుచేయును. స్పెక్ట్రమునకు ఆయువుపట్టు ఇదియే. మైనస్ 5 ఆగిపోయి 12 మాత్రము వచ్చుచుండినచో 4116 చిప్పులలో అధికప్రవాహము పారి అవి మాడిపోవును. అనగా ఒక ట్రాన్సిస్టరు చెడుట, దానితో మూడు నాలుగు జ్ఞాపకపు చిప్పులు చెడుట, ఈ రెండును తరచు కలిసియే సంభవించును.

రోగనిర్ణయము చేయువిధము చెప్పెదను. 4116 చిప్పునకు 16 కాళ్లు. ఒకటవ కాలిపై మైనస్ 5, ఎనిమిదవ కాలిపై 12, తొమ్మిదవ కాలిపై 5 వోల్టులు ఉండవలెను. పదునారవ కాలు భూమి. నా యంత్రమున 5 వోల్టులు వచ్చుచున్నవి. 12 లేదు, మైనస్ 5 లేదు. కావున టి.ఆర్.4 చెడినదని తేలెను. దానిని మార్చితిని. అంతటితో ఆగక, క్రొత్త జ్ఞాపకపు చిప్పులను ముట్టుకొనక ముందే వోల్టులను మరల కొలచితిని. ఇక్కడ తొందరపడి చిప్పులు కూడ మార్చి మీట వేసినచో క్రొత్తవియును పాతవాని దారినే పోవును.

వోల్టులు మూడును సరిగా వచ్చిన పిమ్మట తెరపై బొమ్మ వచ్చెను. కాని అది సంస్థ పేరు గల వాక్యము కాదు. నిలువు చారలు. ఈ చారలు చూచి నిరాశపడవలసిన పనిలేదు. అవి మనకు ఉత్తరము వ్రాయుచున్నవి. స్పెక్ట్రములో తెర బొమ్మయు ఆ మొదటి 16 కిలోబైట్లలోనే నిలువయుండును. తెర అడ్డముగా 256 చుక్కలు. ఎనిమిదేసి చుక్కలు ఒక బైటు. బైటులోని ఎనిమిది చుక్కలలో ఒక్కొక్కదానిని ఒక్కొక్క 4116 చిప్పు మోయును. ఎనిమిది చిప్పులు, ఎనిమిది చుక్కలు. కావున ఒక చిప్పు చెడినచో, ప్రతి ఎనిమిది చుక్కల గుంపులో అదే స్థానమున చార పడును. ఎడమనుండి ఎన్నవ చుక్కయో లెక్కించినచో చెడిన చిప్పు ఏదో తెలియును. నేను భూతద్దము పట్టుకొని లెక్కించితిని. రెండు చిప్పులు దొరికినవి. ఆ రెండే వ్రేలితో తాకగా తక్కినవానికన్న మిక్కిలి వేడిగా నుండెను. రెండు సాక్ష్యములు ఏకీభవించినవి.

చిప్పును తీయుటలో పాత రేడియో అలవాటు పనికిరాదు. వాల్వు పీకినట్లు పీకరాదు. చిప్పును తిరిగి వాడబోము గనుక, ముందు దాని కాళ్లను సన్నని కత్తెరతో కత్తిరించి, ఒక్కొక్క కాలిని వేడిచేసి వేరువేరుగా తీయవలెను. లేనిచో పలకపై నున్న రాగిదారులు వేడికి పైకి లేచివచ్చును. చిప్పుల ధర స్వల్పమే. పలకయో, తిరిగి రాదు. తీసినచోట సాకెట్టు పెట్టి అందులో క్రొత్త చిప్పు నుంచినచో, మరల చెడిననాడు టంకము పని ఉండదు. ఈ మార్పు నాకు సమ్మతమే. వెలుపలికి కనబడదు, యంత్రమునకు మేలు.

మీట వేయగా తెర నల్లనై, పిదప తెల్లనై, అడుగున 1982 అను సంవత్సరముతో సంస్థ పేరు వెలువడెను. మా అమ్మాయి ఆ సమయమున వంటయింటిలో నుండెను. పిలిచి చూపితిని.

ఇక తక్కిన 32 కిలోబైట్ల సంగతి. దీని వెనుక ఒక చిత్రమైన పొదుపు కలదు. ఆ కాలమున 64 కిలోబిట్ల చిప్పులు ఖరీదు. తయారీలో ఒక సగము చెడి, మరియొక సగము మంచిగా మిగిలినవి పారవేయక, 32 కిలోబిట్లవిగా చవుకగా అమ్మెడివారు. సింక్లెయిర్ వారు వానినే కొని, ఏ సగము మంచిదో దానిని బట్టి పలకపై ఒక చిన్న తీగ ముక్కను ఈ వైపునకో ఆ వైపునకో అతికించిరి. మార్చునప్పుడు ఈ తీగను చూడకయే వేరొక సగము మంచిదైన చిప్పు పెట్టినచో ఎంత టంకము పోసినను ఫలము లేదు. ఈ పై జ్ఞాపకము మంచిగా నున్నదా లేదా తెలిసికొనుటకు యంత్రమునే అడుగవచ్చును. వెలిగిన వెంటనే అది తన జ్ఞాపకమును తానే పరీక్షించుకొని, మంచిగా నున్న కడపటి గది సంఖ్యను 23732, 23733 అను గదులలో వ్రాసికొనును. పీక్ అను ఆజ్ఞతో మొదటిదాని విలువకు, రెండవదాని విలువను 256తో హెచ్చవేసి కలిపి చూచినచో 65535 వచ్చినయెడల అంతయు క్షేమము. 32767 వచ్చినచో, 48 కిలోబైట్ల యంత్రము తన్నుతాను 16 కిలోబైట్లదిగా భావించుకొనుచున్నదన్నమాట. మాకు 65535 వచ్చెను.

మరమ్మతు ఇంతటితో ముగిసినదని చెప్పవచ్చును. ఇక మార్పులు. ఇక్కడనే అభిప్రాయభేదములు హెచ్చు. పాత వస్తువును పాతగా నుంచుట ఒక పక్షము, నేటికి పనికివచ్చునట్లు చేయుట మరొక పక్షము. నా లెక్క యేమనగా, తిరిగి పూర్వస్థితికి తేగలిగిన మార్పు చేయవచ్చును, డబ్బాకు రంధ్రము పొడిచెడు మార్పు చేయరాదు.

మొదటిది వేడి. 7805 రెగ్యులేటరు 9 వోల్టులను 5 చేయుటయనగా మిగిలిన 4 వోల్టులను వేడిగా వెదజల్లుటయే. ముప్పాతిక ఆంపియరు ప్రవాహమనుకొన్నచో 3 వాట్ల వేడి ఆ చిన్న పెట్టెలో నిరంతరము పుట్టుచుండును. మన ఎండకాలమున చెప్పనక్కరలేదు. పాత సెట్లలో ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లు ఎండిపోయి హమ్ము పుట్టుట మీరు ఎరిగినదే. ఈ వేడికి స్పెక్ట్రములోని కండెన్సర్లును అట్లే ఎండును. మూడుకాళ్ల 7805 స్థానమున అదే కొలతకు అమరెడు స్విచింగు రెగ్యులేటరు నేడు దొరకుచున్నది. అది వోల్టులను వేడిగా పారవేయక కోసి ఇచ్చును గనుక చల్లగా నుండును. దానిని వేసితిని. అసలు 7805ను అల్యూమినియము రెక్కతో సహా ఒక కవరులో పెట్టి పెట్టె అడుగున ఉంచితిని. ఎలక్ట్రొలిటిక్ కండెన్సర్లన్నిటిని మార్చితిని. వీనిలో ప్లస్సు మైనస్సు గుర్తులు తప్పినచో పటాసులే. పలకపై అచ్చుపడిన గుర్తును నమ్మి ఊరుకొనక, తీసిన పాతదాని ముఖమును చూచి, ఒకటి తీసి ఒకటి పెట్టవలెను. అన్నియు ఒక్కసారి ఊడబెరికినచో జ్ఞాపకము మోసము చేయును.

రెండవది మీటలు. ప్రతి రబ్బరు మీటకు క్రింద పొరల మధ్య వెండిరంగు గీతలు కలిసినప్పుడు అక్షరము పడును. ఎనిమిది గీతలు ఒకవైపు, ఐదు గీతలు మరొకవైపు. ఎనిమిది ఐదులు నలుబది. ఆ పొరలనుండి వచ్చు పట్టీలు వేడికి పెళుసై, మూత ఎత్తగానే అప్పడమువలె విరుగును. మాదియు విరిగినది. దీనికి అతుకు లేదు, క్రొత్తదియే వేయవలెను. నేటికిని వీనిని క్రొత్తగా చేసి అమ్మువారున్నారు. మీటలపై నున్న లోహపు రేకు జిగురుపట్టీతో అంటియుండును. దానిని గోటితో లాగినచో వంగి ఎన్నటికిని సరి కాదు. తల ఆరబెట్టుకొను వేడిగాలి యంత్రముతో మెల్లగా వెచ్చజేసి, జిగురు మెత్తబడిన తరువాత నూలుదారము దూర్చి తీసితిని. గంట పట్టినది. రేకు వంగలేదు.

మూడవది బొమ్మ. స్పెక్ట్రము తన బొమ్మను రేడియో తరంగముగా మార్చి, యు.హెచ్.ఎఫ్. 36వ ఛానలుపై టెలివిజను యాంటెన్నా రంధ్రములోనికి పంపును. అనగా ఆ పెట్టెలో ఒక చిట్టి ప్రసారకేంద్రమే కలదు. 1984లో మా యింటి టెలివిజను వి.హెచ్.ఎఫ్. మాత్రమే పట్టునది. దూరదర్శను దానికి వచ్చును, ఈ కంప్యూటరు రాదు. అన్నగారు తాము తెచ్చుకొన్న చిన్న టెలివిజనుతోనే పని గడుపుకొనిరి. నేటి టెలివిజనులలో ఆ తరంగమును పట్టుట ఒకప్పుడు కుదరును, ఒకప్పుడు కుదరదు. కుదిరినను బొమ్మ మసకగా నుండును. అందుచేత ఆ ప్రసారకేంద్రమును దాటవేసి, బొమ్మ సంకేతమును నేరుగా కంపోజిటు రంధ్రమునకు తెచ్చుట అందరును చేయు మార్పు. మాడ్యులేటరు డబ్బాలోనికి పోవు రెండు తీగలలో 5 వోల్టుల తీగను ఊడదీసి, సంకేతపు తీగను వెలుపలి రంధ్రపు నడిమి కొనకు కలుపుదురు. రంధ్రము పాతదియే, డబ్బా పాతదియే, తీగ దారి మాత్రము వేరు. ఎవరైన కావలెనన్నచో పావుగంటలో వెనుకకు మార్చవచ్చును. కొందరు పెట్టె ప్రక్కను కోసి క్రొత్త క్రొత్త రంధ్రములు అమర్చుదురు. నేను అందుకు చేయి చాపలేదు.

ఇక అసలు విషయము, క్యాసెట్టు. యంత్రము బాగుపడినంత మాత్రమున అన్నగారి అక్షరములు రావు గదా. ఈ టేపును టూ-ఇన్-వన్‌లో పెట్టి వినినచో మొదట ఐదు సెకనుల పాటు స్థిరమైన ఈల, పిదప ఝుర్రుమను చిన్న ధ్వని, కొంచెము నిశ్శబ్దము, మరల ఈల, ఆపై నిమిషములకొలది ఝుర్రు. ఈ ఝుర్రులోనే అంతయు కలదు. యంత్రములో ఉన్నవన్నియు సున్నలు, ఒకట్లే. సున్నను ఒక పొట్టి అలగా, ఒకటిని దానికి రెట్టింపు పొడవు గల అలగా టేపుపై వ్రాయును. సున్న అల సుమారు 2,000 హెర్ట్సుల స్వరము, ఒకటి అల సుమారు 1,000 హెర్ట్సుల స్వరము. మొదటి ఈల 800 హెర్ట్సులు. అది శ్రుతి పెట్టువంటిది, యంత్రమును సిద్ధపరచును. ప్రతి భాగము చివర ఒక సరిచూచు బైటు ఉండును. ఒక్క సున్న ఒకటిగా వినబడినను లెక్క తప్పి, ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్ అను వాక్యము తెరపై పడును.

శబ్దమే ప్రోగ్రాము గనుక, దానిని రేడియోలో ప్రసారము చేయుటకు అడ్డేమి? నిజముగా చేసిరి. 1980వ దశకమున హాలెండు దేశపు ఎన్.ఓ.ఎస్. ప్రసార సంస్థవారు హాబీస్కూప్ అను కార్యక్రమములో వేరువేరు కంప్యూటర్లు చదువుకొనగల బేసికోడ్ అను పద్ధతిలో ప్రోగ్రాములను ప్రసారము చేసిరి. 1983 నుండి యుగోస్లావియాలోని రేడియో బెల్‌గ్రేడ్ 202లో జోరాన్ మోద్లీ వెంటిలేటర్ 202 అను కార్యక్రమమున ఇట్టి ఈలలను వినిపించెను. శ్రోతలు తమ టేపురికార్డర్లలో పట్టుకొని, కంప్యూటరుకు తగిలించి, వచ్చినదేమో చూచుకొనెడివారు. కొంచెము గరగర వచ్చినచో పని చెడెడిది. సంగీతములోని గరగరను చెవి సహించును, సున్నలు ఒకట్లు సహింపవు.

పాత టేపును చదువుటలో నాలుగు పనులు వరుసగా చేయవలెను. ముందు యంత్రపు సంగతి చూడవలెను: టూ-ఇన్-వన్ లోపలి రబ్బరు బెల్టు జిగటగా కరిగిపోయి యుండును, మార్చవలెను, లేనిచో వేగము ఊగిసలాడును. హెడ్డును స్పిరిటు తడిపిన దూదితో తుడువవలెను. తరువాత హెడ్డు ప్రక్కనున్న చిన్న మరను త్రిప్పి దాని వాలును సరిచేయవలెను. ఇది ముఖ్యము. టేపును రికార్డు చేసిన యంత్రపు హెడ్డు ఎంత వాలియున్నదో, వినిపించు యంత్రపు హెడ్డు అంతే వాలియుండవలెను. లేనిచో సున్నల సన్నస్వరము మందమై మునిగిపోవును. అన్నగారి రికార్డరు ఎక్కడున్నదో ఎవరికిని తెలియదు. దాని వాలు తెలిసికొనుటకు మిగిలిన సాక్షి ఈ టేపు ఒక్కటే. ధ్వని మిక్కిలి స్ఫుటముగా వినబడువరకు మరను వెండ్రుకవాసి చొప్పున త్రిప్పితిని. నాలుగవది, కంప్యూటరుకు పెట్టక ముందే టేపు ధ్వనిని నేటి కంప్యూటరులో ఒకసారి రికార్డు చేసికొనుట. దీనిని నేను నాలుగవదిగా చేసితిని గాని, మొదటనే చేయవలసియుండినది. పాత టేపు ఎన్నిసార్లు తిరుగునో ఎవరు చెప్పగలరు?

ఇట్లు ధ్వనిని దాచుకొన్న తరువాత పాత యంత్రమెందుకు, స్పెక్ట్రమును అనుకరించు ప్రోగ్రాములు ఉచితముగా దొరకునుగదా యని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. అక్షరములు మాత్రమే కావలెనన్నచో అది చాలును. మా అమ్మాయికి ఆ రబ్బరు మీట కావలెను. 'జె' మీట నొక్కగనే లోడ్ అను మాట పూర్తిగా తెరపై పడుట ఆమెకు ఐదేండ్ల నాటి జ్ఞాపకము.

టేపులో మూడు భాగములు. ప్రతి భాగమునకు ముందు అన్నగారి కంఠము. "ఇది మొదటిది, అచ్చులు. అమ్మలూ, మధ్యలో టేపు ఆపకు." ఆ మాటలు వినబడగానే మేమిద్దరమును టేపు నిజముగా ఆపలేదు, చేయి రాలేదు. అచ్చులు రెండవ ప్రయత్నమున వచ్చినవి. ఆయన చేసిన ఉపాయము అప్పుడు తెలిసినది. స్పెక్ట్రములో మనకు కావలసిన ఆకారములు గీసికొనుటకు 21 అక్షరస్థానములు మాత్రమే ఇచ్చిరి. ఒక్కొక్కటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. అందులో తెలుగు అ పట్టదు. తోక పెట్టినచో సుడి పోవును, సుడి పెట్టినచో తోక పోవును. అందుచేత ఒక్కొక్క అక్షరమునకు నాలుగు గడులు వాడిరి. అట్లు వాడినచో 21 గడులకు ఐదు అక్షరములే. తక్కినవానికొరకు ఆకారములన్నిటిని జ్ఞాపకములో వరుసగా పేర్చి, యంత్రము వానిని ఎక్కడనుండి తీసికొనవలెనో చెప్పు 23675వ గది విలువను మార్చుచుపోయిరి. ఒక అక్షరమునకు 32 బైట్లు.

రెండవ భాగమైన హల్లులు రాలేదు. ఎన్నిమార్లు పెట్టినను ఎర్రరే. మాట మాత్రము స్పష్టముగా వినబడుచున్నది, "ఇది రెండోది, హల్లులు" అని. దాచిన ధ్వనిని తెరపై అలలుగా చూడగా కడపటిభాగమున అరసెకను పాటు అల చచ్చిపోయియుండెను. అచ్చట టేపు ముడతపడినది. మాటలో అరసెకను పోయినను మనము గ్రహింపగలము. ఈ ఝుర్రులో సెకనుకు సుమారు 1,500 బిట్లు, అరసెకనులో 750, అనగా సుమారు 94 బైట్లు. ముప్పదిరెండేసి చొప్పున మూడు అక్షరములకు కొంచెము తక్కువ. పోయినచోటినుండి తరువాతి బిట్లు బైట్లుగా ఎక్కడ విడిపోవునో తెలియదు గనుక ఎనిమిది విధముల జరిపి చూచితిని. ఏడవ విధమున ఱ ఆకారము తేటపడెను. దానికి ముందరి మూడు అక్షరములు, హ, ళ, క్ష, పాడైనవి.

వానిని మా అమ్మాయి గళ్ల కాగితముపై గీసెను. పదునారు గళ్లు అడ్డము, పదునారు నిలువు. హ, ళ ఒక్క సాయంత్రములో కుదిరినవి. క్ష మూడునాళ్లు పట్టినది. చుక్కలను సంఖ్యలుగా మార్చి 96 సంఖ్యలను తానే ఆ రబ్బరు మీటలతో ఎక్కించెను. పిదప మూడు భాగములను క్రొత్త క్యాసెట్టుపై రికార్డు చేసి, దానిపై మరల ఎవరును పొరపాటున రికార్డు చేయకుండ వెనుకనున్న రెండు ప్లాస్టిక్ తునకలను విరిచితిమి. పాత క్యాసెట్టు లౌడ్‌స్పీకరుకు దూరముగా చెక్క పెట్టెలో నున్నది. యంత్రమును నెలకొక సారి అరగంట వెలిగింతుము. ఎలిమినేటరు ప్లగ్గుకు ఎర్ర దారము కట్టియుంచితిని, దానిని తప్ప వేరొకదానిని తగిలింపరాదని.